పొట్ట చేతపట్టుకొని వచ్చినవాడు దొంగా?



ఈ నెల మనం మాట్లాడుకోబోయే సంగతి మన గడప దగ్గర, మన నాలుక మీద, మన చేతిలోని సెల్‌ఫోనులో రోజూ మెదిలేదే. గోదావరిఖనిలోనో, యైటింక్లయిన్ కాలనీలోనో, జ్యోతినగర్ వైపో ఒక ఇంటి తాళం పగిలినా, మోటారు సైకిలు మాయమైనా, మెడలో గొలుసు తెగినా, మొదట వినబడే మాట ఒకటే: "ఈ బీహారోళ్ళు వచ్చినకాడినుంచే గిట్లయితాంది." దొంగ ఎవరో ఇంకా తెలియదు. పోలీసులు ఇంకా రాలేదు. అయినా పేరు మాత్రం ఖాయమైపోయింది.

ఇల్లు అద్దెకిచ్చే చోట కూడా ఇదే మాట. "వదినా, ఆ హిందీవోళ్ళకు రూము ఇయ్యకుండ్రి. ఎవలో ఏందో, ఏ ఊరోళ్ళో" అని పక్కింటామె హెచ్చరిస్తుంది. "నాకూ అదే భయమున్నది వదినా, కని మూడు నెలల అడ్వాన్సు ఒక్కసారే ఇస్తమంటాండ్రు" అని ఇంటామె నసుగుతుంది. చివరకు రూము ఇస్తారు. అద్దె కొంచెం ఎక్కువే తీసుకుంటారు. అనుమానం మాత్రం అట్లాగే ఉంచుకుంటారు.

ఈ అనుమానంలో నిజమెంత? భయమెంత? దేవుని బిడ్డలమైన మనం దీనిని ఏ విధంగా తూచాలి? కుటుంబమంతా కూర్చుని ఆలోచించవలసిన విషయమని తలంచి దీనిని మీ ముందు ఉంచుతున్నాము.

వీరు ఎవరు, ఎందుకు వచ్చారు?

రామగుండములో పెద్ద పనులు ఎప్పుడు మొదలైనా కూలీలు దూరంనుండి వస్తూనే ఉన్నారు. ఎన్.టి.పి.సి.కి 1978లో పునాది వేశారు. 1983లో మొదటి యూనిట్ నడిచింది. ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. దాని స్థానంలో కట్టిన కొత్త కర్మాగారం 2021లో యూరియా తీయసాగింది. ఎన్.టి.పి.సి. ఆవరణలోనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు రెండు లేచాయి. మొదటిదానిని 2023 అక్టోబరులో, రెండవదానిని 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఇన్ని ఇనుప దూలాలు ఎక్కించినవారిలో, అంత ఎత్తున నిలబడి వెల్డింగు చేసినవారిలో బీహారు, జార్ఖండు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాలు రాష్ట్రాల పడుచువాళ్ళు ఎందరో ఉన్నారు. ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గు మీది మట్టిని తీసే కాంట్రాక్టు పనిలోనూ వారు కనబడతారు.

పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలలో పనిచేసేవారి సంగతి వేరు. వారిలో ఎక్కువమంది ఒడిశా రాష్ట్రపు బలంగీరు, నువాపడా, కలహండి జిల్లాలవారు. అక్కడ వానాకాలపు పంట పని తీరిన తరువాత భార్యాబిడ్డలతో బయలుదేరి వస్తారు. మళ్ళీ వానలు పడే వేళకు తిరిగి వెళతారు. రాకముందే దళారి చేతిలో అడ్వాన్సు తీసుకుంటారు. ఆ బాకీ తీరేవరకు వేయి ఇటుకలకు ఇంత అని లెక్కగట్టి, ఇంటిల్లిపాది మట్టి పిసుకుతారు. పిల్లలు కూడా ఆ లెక్కలోనే కలిసిపోతారు.

ఈ అడ్వాన్సు ఎంత క్రూరమైనదో ఒక్క సంఘటన చెబుతుంది. 2013 డిసెంబరులో కలహండి జిల్లా కూలీలు ఇద్దరు, దళారులు చెప్పిన చోటికి పనికి రామన్నందుకు, వారి కుడిచేతులను నరికివేశారు. సుప్రీం కోర్టు ఆ సంగతిని తానే విచారణకు తీసుకున్నది. అటువంటి కూలీలను కాపాడడానికే 1975లో ఒరిస్సా రాష్ట్రం, 1979లో కేంద్ర ప్రభుత్వం చట్టాలు చేశాయి. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, రానుపోను ఖర్చులు ఇవ్వాలి అని కేంద్ర చట్టం చెప్పింది. దానిని తరువాత 2020 నాటి కార్మిక స్మృతిలో కలిపారు. అయితే ఇంతవరకు బట్టీ మీదికి వెళ్ళి "నీ పాస్‌బుక్ ఏది తమ్మీ?" అని కూలీని అడిగిన విశ్వాసి మనలో ఎందరు? "వీళ్ళు దొంగలేమో" అని అడిగినవారు మాత్రం చాలామంది ఉన్నాము.

ఖని పుట్టిందే వలసతో

మనం ఎవరము? ఈ ప్రశ్న వేసుకోకుండా ముందుకు వెళ్ళలేము.

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ 1871లో కనుగొన్నారు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. తరువాత కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి. రామగుండము ప్రాంతంలో గనులు తెరుచుకున్నది 1960 ప్రాంతంలో. గోదావరి ఒడ్డున ఉన్న ఈ పట్టణానికి గని పేరే పేరయింది. పని దొరుకుతుందని విని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, ఖమ్మం పల్లెలనుండి, కోస్తా జిల్లాలనుండి కూడా మనుషులు వచ్చారు. తట్టా చెమ్మాసు పట్టుకొని బాయిలోకి దిగారు. గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెలలోనే కొన్ని ప్రార్థన కూటములు మొదలై నేడు సంఘములయ్యాయి.

అప్పుడు పల్లెలో ఉండిపోయిన బంధువులు ఖనిని ఏమనుకున్నారో మన పెద్దలను అడగండి. "బాయి పనికి పోయినోడు తాగుబోతయితడు", "జీతం రోజు అక్కడ తలలు పగులుతయట" అనేవారు. పిల్లనివ్వడానికి వెనుకాడిన ఇళ్ళున్నాయి. తాగినవారు లేరని, కొట్లాటలు జరగలేదని ఎవరూ అనలేరు. అయితే ఉదయం షిఫ్టుకు దిగి, సాయంత్రం ఇంటికి వచ్చి, పిల్లలను చదివించి, ఆదివారం దశమభాగం పట్టుకొని ఆరాధనకు వచ్చినవారు ఎన్నో వేలమంది. వారినందరినీ ఒక్క మాటతో తాగుబోతులు, రౌడీలు అన్నప్పుడు మన తండ్రులకు ఎంత బాధ కలిగి ఉంటుందో మనకు తెలుసు. ఇప్పుడు అదే మాటను మరొకరి కొడుకుల మీద మనమే వేస్తున్నాము.

నేరాలు జరగవా?

జరుగుతాయి. దాచవలసిన పని లేదు. వచ్చినవారందరూ నీతిమంతులని చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది.

2020 మే నెలలో, లాక్‌డౌను కాలంలో, వరంగల్ దగ్గర గొర్రెకుంటలో ఒక బావిలోనుండి తొమ్మిది శవాలు తీశారు. అన్నంలో మత్తు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడవేసినవాడు బీహారునుండి వచ్చి స్థిరపడిన మనిషి. అంతకుముందు చేసిన మరొక హత్యను కప్పిపుచ్చడానికి అంతపని చేశాడని పోలీసులు తేల్చారు. ఆ అక్టోబరులోనే వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. ఇంత ఘోరం విన్నవారికి భయం కలగడం సహజమే.

అయితే ఆ బావిలో చనిపోయినవారు ఎవరు? గోనె సంచులు కుట్టి బ్రతుకుతున్న బెంగాలు కుటుంబంలో ఆరుగురు. అందులో ఒకడు మూడేళ్ళ పసివాడు. మిగిలినవారు బీహారు యువకులు ఇద్దరు, త్రిపుర మనిషి ఒకడు. చంపినవాడు వలసవాడే, చచ్చినవారూ వలసవారే. "బీహారోళ్ళు అంతే" అనే మాటలో ఆ చనిపోయిన యువకులు కూడా చేరిపోతారు. హంతకుడి పక్కన హతులను నిలబెట్టి ఇద్దరికీ ఒకే పేరు పెట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు మన ఇంటివైపు చూద్దాం. 2021 ఫిబ్రవరిలో మన పెద్దపల్లి జిల్లాలోనే, రామగిరి మండలంలో, పట్టపగలు నడిరోడ్డు మీద న్యాయవాది దంపతులను నరికి చంపారు. రాష్ట్రమంతా నివ్వెరపోయింది. ఆ కేసులో పట్టుబడినవారు దానాపూర్ రైలు దిగి వచ్చినవారు కారు, ఈ ప్రాంతపు మనుషులే. దానివల్ల పెద్దపల్లి జిల్లావారంతా హంతకులని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. మన ఊరివాడు నేరం చేస్తే వాని పేరు చెబుతాము, వాని తండ్రి పేరు చెబుతాము, "వాడు చిన్నప్పటినుంచే అంత" అంటాము. బయటివాడు చేస్తే వాని పేరు మనకు అక్కరలేదు, రాష్ట్రం పేరు చాలు. అందువల్ల మనవాడి నేరం ఒక మనిషి నేరంగా మిగులుతుంది. పరాయివాడి నేరం ఒక జనం నేరంగా పెరుగుతుంది. పది దొంగతనాలలో ఒకటి మాత్రమే పరాయివాడు చేసినా, మన జ్ఞాపకంలో నిలిచేది ఆ ఒక్కటే.

లెక్కలు ఏమి చెబుతున్నాయి? మన దేశంలో ఏటేటా అచ్చయ్యే నేరాల పుస్తకంలో నేరస్థుడు ఏ రాష్ట్రంనుండి వలస వచ్చాడని లెక్క ఉండదు. కాబట్టి "వలసవారివల్ల నేరాలు ఇంత శాతం పెరిగినవి" అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే, ఆ అంకె ఎక్కడిదని అడగవచ్చు. జైళ్ళ లెక్కలలో మాత్రం ఖైదీ ఏ రాష్ట్రం వాడో వ్రాస్తారు. దేశం మొత్తం మీద జైళ్ళలో ఉన్నవారిలో అత్యధికులు ఆ జైలు ఉన్న రాష్ట్రం వారే. పైగా మన జైళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. పూచీ ఇచ్చే బంధువు, ఊళ్ళో ఇల్లు, వకీలుకు డబ్బు లేనివాడికి బెయిలు దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

పుకారు చంపిన మనుషులు

అనుమానం మనసులో ఉన్నంతసేపు అది పాపమే గాని ప్రాణం తీయదు. అది నోటికి వచ్చి, ఫోనులోకి ఎక్కితే ఏమవుతుందో 2018 మే నెలలో తెలంగాణ చూసింది.

బీహారునుండి, మహారాష్ట్రనుండి ముఠాలు దిగాయి, పార్ధీ గ్యాంగు తిరుగుతున్నది, పిల్లలను ఎత్తుకొనిపోయి అవయవాలు కోస్తున్నారు అని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. ఎక్కడో జరిగిన వేరే సంగతుల దృశ్యాలను తెచ్చి ఇక్కడివని అంటించారు. అవి అబద్ధమని పోలీసులు చెప్పినా వినేవారు తక్కువయ్యారు. ఊళ్ళలో యువకులు కర్రలు పట్టుకొని కాపలా కాశారు.

చివరకు దెబ్బలు తిని చనిపోయినవారు ఎవరు? యాదాద్రి జిల్లా బీబీనగర్ మండలంలో బంధువుల ఊరికి రాత్రివేళ వెళ్ళిన ఒక ఆటో డ్రైవరు. నిజామాబాదు జిల్లాలో ఒక మనిషి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, రంజాను మాసంలో భిక్షకోసం వచ్చిన ఒక హిజ్రా. పిల్లలను ఎత్తుకొనిపోయే బీహారు ముఠా ఎక్కడా దొరకలేదు. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లాలో ఐదుగురు సంచార జాతి భిక్షుకులను ఇదే అనుమానంతో కొట్టి చంపారు. పరాయివానిమీద ఎత్తిన కర్ర మొదట పేదవాని మీద, ఒంటరివాని మీద, ఒక్కోసారి మన మేనమామ మీద కూడా పడుతుంది. చీకటిలో కర్రకు భాష తెలియదు.

ఆ రోజులలోనే జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరిగారు వేరే పని చేశారు. ఊరూరికి పోలీసులను పంపి, డప్పు కొట్టించి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. సందేశం వస్తే ముందు ఊరి పోలీసుకు చూపమన్నారు. ఆమె పరిధిలోని సుమారు 400 గ్రామాలలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అబద్ధం ఊరంతా తిరిగినట్టే నిజాన్ని కూడా ఊరంతా తిప్పవచ్చని దీనివలన నేర్చుకుంటున్నాము.

పుట్టుకతో వేసిన ముద్ర

ఆ పుకారులో పార్ధీల పేరే ఎందుకు వచ్చింది? దానికి పాత చరిత్ర ఉంది. బ్రిటిషు ప్రభుత్వం 1871లో ఒక చట్టం చేసి, కొన్ని సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులని పట్టికలో వ్రాసింది. పుట్టిన బిడ్డ ఏ నేరం చేయకముందే నేరస్థుడు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, ఠాణాలో హాజరు వేయించుకోవాలి. మన తెలుగునాట ఎరుకలవారికి ఆ ముద్ర పడింది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అనే సెటిల్‌మెంటు ఏర్పడింది. దానిని నడిపించినది సాల్వేషన్ ఆర్మీ. క్రైస్తవ సేవకులు అక్కడ బడి, వైద్యం, వ్యవసాయం నేర్పారు. అయితే కంచె కూడా వారి చేతికిందనే ఉన్నది. ఈ రెండూ మనం గుర్తుంచుకోవాలి.

స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. పట్టికలో పేరు కొట్టివేశారు. జనం నోట మాత్రం "స్టూవర్టుపురం దొంగలు" అనే మాట పోలేదు. అక్కడి పిల్లలు చదువుకొని ఉద్యోగానికి వెళ్ళినా, ఊరి పేరు చెప్పడానికి జంకిన రోజులున్నాయి. చట్టం వేసిన ముద్రను ఒక్క సంతకంతో చెరిపారు. నాలుక వేసిన ముద్రను చెరపడానికి తరాలు పట్టింది. ఈనాడు మనం "బీహారోళ్ళు", "ఒరియావాళ్ళు" అని నోటితో వ్రాస్తున్న పట్టిక అటువంటిదే.

మనవారు పరాయివారైనచోట

ఒకప్పుడు కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి తెలుగువారు ఓడలెక్కి రంగూనుకు వెళ్ళారు. ఓడరేవులో మూటలు మోశారు. బర్మావారు వారిని కోరంగీలు అన్నారు. అది రేవు పేరే అయినా తిట్టుగా మారింది. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగువారిని మళ్ళీ తీసుకోగానే బర్మావారికి పని పోయింది. ఇద్దరు పేదవాళ్ళు ఒక్క పనికోసం కొట్టుకున్నారు. వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది మనవారే.

మనకు దగ్గరి సంగతి చూడండి. సిరిసిల్ల ప్రాంతంనుండి దుబాయికి వెళ్ళిన ఐదుగురు, 2005లో ఒక నేపాలీ కావలివాని మృతి కేసులో జైలుపాలై సుమారు 18 ఏళ్ళు అక్కడే ఉండి, 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. వారు తిరిగివచ్చిన రోజున మన జిల్లాలలో కన్నీరు పెట్టనివారు లేరు. తెలుగువారంతా హంతకులని దుబాయిలో ఎవరైనా అని ఉంటే మనకెలా ఉండేది?

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఒలేత్ పట్టణంలో, ఒక తెలుగు ఇంజనీరును "మా దేశంనుండి పో" అని అరిచి కాల్చి చంపినవాడు ఆయనను ఇరాను దేశస్థుడని అనుకున్నాడట. ముఖం చూసి ముద్ర వేసేవానికి ఎవరు ఎవరో అక్కరలేదు. ఆ దేశంలోనే 1870నుండి 2020వరకు 150 ఏళ్ళ జనాభా లెక్కలు చూసిన ఆర్థిక శాస్త్రజ్ఞులు, వలస వచ్చినవారు అక్కడ పుట్టినవారికంటే ఎక్కువగా జైలుకు పోలేదని 2023లో ప్రకటించారు. జనం అనుకొనేది ఒకటి, లెక్క తేల్చినది మరొకటి.

అసలు కోపం ఎక్కడిది?

రంగూను కథలో ఉన్నదే మన ఖనిలోనూ ఉన్నది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు సుమారు 40,000 మంది. యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి, పర్మనెంటు ఉద్యోగం స్థానంలో కాంట్రాక్టు కూలి వచ్చింది. భూమి ఇచ్చిన ఊరి పిల్లవాడు డిప్లొమా చేతపట్టుకొని గేటు బయట నిలబడ్డాడు. లోపల హిందీ మాట వినబడుతున్నది. వాని కడుపుమంట అబద్ధం కాదు.

అయితే ఆ ఉద్యోగాన్ని తగ్గించినది జార్ఖండు కుర్రవాడు కాడు. తక్కువ కూలికి, ఎక్కువ గంటలకు, సంఘం పెట్టుకోలేని మనిషిని వెతికినది కాంట్రాక్టరు. స్థానికులకు పని కావాలని అడగడం న్యాయమే. కాంట్రాక్టు కూలీకి సరైన వేతనం అడగడం ఇంకా న్యాయం. ఎందుకనగా బయటివానికి కూడా సరైన కూలి ఇవ్వవలసి వస్తే, చవక అని వానిని తెచ్చుకొనే లాభమే పోతుంది. ఈ న్యాయమైన కోపానికి "దొంగ" అనే పేరు తగిలించినప్పుడు ఏమవుతుందంటే, అడగవలసిన వానిని అడగడం మానివేస్తాము. కోపానికి చిరునామా తప్పు వ్రాస్తే ఉత్తరం చేరదు.

వాక్యము ఏమి చూపుతున్నది?

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము చదవండి. ఓడ పగిలి పౌలు మెలితే ద్వీపానికి చేరాడు. వానలో, చలిలో ఆ ద్వీపవాసులు మంట వేసి అందరినీ చేర్చుకున్నారు. అంతవరకు ఎంతో మంచివారు. పౌలు చేతికి పాము చుట్టుకోగానే, ఇతడు తప్పక నరహంతకుడు అనుకున్నారు. చెయ్యి వాచకపోయేసరికి, దేవుడని అనుకున్నారు. అదే మనిషి కొద్దిసేపటిలో హంతకుడు అయ్యాడు, దేవుడూ అయ్యాడు. ఎక్కడా విచారణ లేదు. దయగలవారు కూడా పరాయివాని విషయంలో ఎంత తొందరపడతారో లూకా మనకు చూపించాడు.

ఆదికాండము 39వ అధ్యాయములో యోసేపు మీద నేరం మోపిన పోతీఫరు భార్య పనివారితో అతని పేరు చెప్పలేదు. హెబ్రీయుడని అతని జాతిని చెప్పింది. జాతి పేరు వినగానే మిగతాది నమ్మడం సులభమయింది. మరి ధర్మశాస్త్రము ఏమి కోరింది? నేరం మోపబడినప్పుడు బాగుగా విచారించమన్నది (ద్వితీ. 19). పరదేశిని మీలో పుట్టినవానివలె ఎంచమన్నది, మీరు ఐగుప్తులో పరదేశులై ఉంటిరని జ్ఞాపకం చేసింది (లేవీ. 19). నేరం చేసినవాడు పరదేశి అయినా స్వదేశి అయినా శిక్ష ఒక్కటే, విచారణ కూడా ఒక్కటే.

మన సంఘ చరిత్రనే చూడండి. బొగ్గు రైలుకు కూడలి అయిన డోర్నకల్లుకు 1909లో వచ్చిన వి.ఎస్. అజరయ్యగారు తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకొని, పల్లెలు తిరిగి, 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఎవరో అరవాయన, ఎందుకు వచ్చాడో అని తలుపు వేసుకుని ఉంటే మన సంఘములకు ఎంత నష్టమయ్యేది!

మన ఇంట్లో, మన సంఘములో

ఇల్లు అద్దెకిస్తే గుర్తింపు కార్డు నకలు తీసుకొని పోలీసు స్టేషనులో ఇవ్వండి. తెలుగువాడైనా, హిందీవాడైనా అందరి దగ్గరా అదే తీసుకోండి. అద్దె కూడా అందరికీ ఒక్కటే ఉంచండి.

నేరం జరిగితే 100కు గాని 112కు గాని ఫోను చేయండి. చూసినది చెప్పండి, ఊహించినది కలపకండి. ఎవరిపైనైనా గుంపు చేయి చేసుకుంటుంటే అప్పుడు కూడా అదే నంబరుకు చేయండి.

పిల్లల దొంగలు, ముఠాలు అని సందేశం వస్తే మీ దగ్గరే ఆపండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు అని మూడు ప్రశ్నలు వేయండి. జవాబు లేకపోతే అది సంఘపు గ్రూపులోకి వెళ్ళకూడదు. పాస్టరుగారు పంపినా అంతే.

యువజనులు, స్త్రీల సమాజము వారు దగ్గరి బట్టీలను, కూలీల షెడ్లను ఒకసారి చూసి రండి. పసిపిల్లలు పనిలో కనబడితే 1098కి తెలియజేయండి. కూలి ఎగవేస్తే కార్మిక శాఖ కార్యాలయానికి తోడుగా వెళ్ళండి. ఒడిశా కూలీలలో, జార్ఖండు ఆదివాసులలో మన విశ్వాసపు బిడ్డలు కూడా ఉన్నారు. వారిని మాత్రమే పిలిచి మిగిలినవారిని వదలకండి. కష్టంలో ఉన్నవాని మతం అడగమని ప్రభువు చెప్పలేదు.

2020 మార్చిలో లాక్‌డౌను పెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లినుండే సుమారు 1,200 మందితో జార్ఖండుకు కదిలింది. కూలీలు వెళ్ళిపోయాక ఆగిపోయిన కట్టడాలు చూసి, వారు లేకుంటే పని నడవదని అందరికీ తెలిసింది. తిరిగి వచ్చాక మళ్ళీ పాత మాటే మొదలైంది. ఇంత త్వరగా మరచిపోతే ఎట్లా?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకొనండి. మన వీధిలో ఉంటున్న బయటి రాష్ట్రాలవారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? మన తాత గాని తండ్రి గాని ఈ ప్రాంతానికి వచ్చిన మొదటి రోజున ఎవరు చేరదీశారు? మనం చివరిసారి ఒక జనాన్ని దొంగలన్నప్పుడు, మనకు తెలిసిన దొంగ ఒక్కడైనా ఉన్నాడా?

దొంగను దొంగ అనండి, వాని పేరు తెలిశాక. అంతవరకు పక్క రూములో ఉన్నవాడు, రాత్రి షిఫ్టు దిగి బూడిద కొట్టుకొనిపోయిన ముఖంతో అన్నం వండుకుంటున్న ఎవరి కొడుకో.